ఆర్క్ కొట్టకముందే తేలిపోయే జాయింటు

మా పావగడ తాలూకాలో ఇప్పుడు కరెంటు ప్లాంటు ఎక్కడంటే తిరుమణి వైపు చెయ్యి చూపిస్తారు. తిరుమణి, బాలసముద్రం, క్యాతగానచెర్లు, వళ్లూరు, రాయచెర్లు, ఈ ఐదూళ్ల చేలల్లో సుమారు 13,000 ఎకరాల మీద 2,050 మెగావాట్ల సోలార్ పార్కు పరుచుకుని ఉంది. 2018 మార్చి 1న ప్రారంభించారు, 2019 ఆఖరుకు మొత్తం పూర్తయింది. రైతులు భూములు అమ్ముకోలేదు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలుకు ఇచ్చారు, రెండేళ్లకోసారి ఐదు శాతం పెరిగేటట్టు ఒప్పందం. శనక్కాయలు విత్తి మబ్బుల కోసం మొగం పైకెత్తి చూసిన నేలకు అది చిన్న ఆదాయమేం కాదు.

అయితే ఐటీఐలో వెల్డర్ ట్రేడు చేసిన మా పిల్లలు నన్ను అడిగే మాట వేరే. "పెద్దనాయనా, ఇంటి పక్కనే ఇంత పెద్ద ప్లాంటుంది, మాకెందుకు పని లేదు?" అంటారు. నేను బాయిలర్ వెల్డరుగా బతికినవాణ్ణి. శక్తినగర్‌లో రాయచూరు థర్మల్, ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్, ఆ తర్వాత బళ్లారి పక్కన కుడితిని, షట్‌డౌన్ ఎక్కడుంటే అక్కడికి పోయి పని చేసినాను. ఇప్పుడు ఊళ్లోనే ఉన్నాను. అడిగిన ప్రతివాడికీ చెప్పిందే చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

1. ఏ ప్లాంటులో ఏ పనుందో ముందు తెలుసుకో

సోలార్ పార్కులో ఆవిరి లేదు, ప్రెజర్ లేదు, బాయిలర్ లేదు. ప్యానెళ్లను మోసే కాళ్లు, కమ్మీలు అన్నీ జింకు పూత వేసిన ఇనుము. ఫ్యాక్టరీలోనే కోసి, బెజ్జాలు వేసి తెస్తారు. ఇక్కడ బోల్టు పెట్టి నట్టు బిగించడమే. వెల్డింగు పెడితే ఆ చోట జింకు కాలిపోయి తుప్పు అక్కడినుంచే మొదలవుతుంది, అందుకని వెల్డింగు జోలికి పెద్దగా పోరు. కట్టేటప్పుడు గేట్లు, కంచెలు, నీళ్ల లైన్లు అంటూ కొంత పని దొరుకుతుంది. కట్టడం అయిపోయాక మిగిలేది ప్యానెళ్లు కడగడం, గడ్డి కోయడం, కాపలా, కరెంటు మెయింటెనెన్సు. ఊరు వదలలేనివాడు, ఇంట్లో పెద్దవాళ్లను చూసుకోవాల్సినవాడు ఎలక్ట్రీషియన్ పని నేర్చుకోవడమే మంచిదని మొహమాటం లేకుండా చెప్తాను.

వెల్డరుకు అసలు విలువ బాయిలర్ దగ్గర. రాయచూరు థర్మల్‌లో మొదటి యూనిట్ 1985లో వచ్చింది. 210 మెగావాట్లవి ఏడు, 250 మెగావాట్లది ఒకటి, మొత్తం 1,720 మెగావాట్లు. ఒక 210 మెగావాట్ల బాయిలర్ తీసుకో. దాని నాలుగు గోడలూ ఇటుకతో కట్టినవి కావు, పక్కపక్కనే నిలబెట్టిన ట్యూబులు. లోపల బొగ్గు మండుతుంటే ఆ ట్యూబుల్లో నీళ్లు మరుగుతుంటాయి. టర్బైనుకు పోయే ఆవిరి 540 డిగ్రీల వేడి మీద, చదరపు సెంటీమీటరుకు సుమారు 150 కిలోల ప్రెజరుతో ఉంటుంది. ఆ దారిలో వేల జాయింట్లు. ప్రతి జాయింటూ ఎవడో ఒక వెల్డరు చేతి పని. అందులో ఏ ఒక్కటి కారినా యూనిట్ మొత్తం ఆపాల్సిందే.

2. గ్రైండరు పట్టుకోనివాడికి హోల్డరు దక్కదు

ఐటీఐలో ఏడాది కోర్సు చేస్తే రాడ్డు అంటుకుపోకుండా కాల్చడం వస్తుంది. పైపు వెల్డింగు రాదు. ప్లేటు మీద ఫ్లాట్, హారిజాంటల్, వర్టికల్, ఓవర్‌హెడ్ అయ్యాక పైపుకు రావాలి. చివరన 6జీ, అంటే పైపును నలభై ఐదు డిగ్రీల వాలులో కదలకుండా బిగించి చుట్టూ నువ్వే తిరుగుతూ వెల్డింగు చెయ్యాలి. ఒక్క జాయింటులోనే అన్ని పొజిషన్లూ వస్తాయి కాబట్టి హై ప్రెజర్ వెల్డరుకు పెట్టే పరీక్ష ఇదే.

సైటుకు పోయిన మొదటిరోజే ఎవరూ హోల్డరు చేతికివ్వరు. హెల్పరుగా కేబుల్ లాగమంటారు, గ్రైండింగ్ పట్టమంటారు. దాన్ని అవమానంగా తీసుకునే పిల్లలు చాలామంది ఉన్నారు. నా మాట విను నాయనా, గ్రైండరు పట్టినప్పుడే జాయింటు లోపలి సంగతి తెలుస్తుంది. ఇంకొకరి వెల్డింగును కోసి చూస్తావు. స్లాగు ఎక్కడ ఇరుక్కుంది, అంచు ఎక్కడ కరగలేదు, నీ కళ్లకే కనిపిస్తుంది. ఏ క్లాసులోనూ అంత స్పష్టంగా చూపించరు.

ఇంకో రెండు సంగతులు. వెలుగును చూడొద్దు, కరిగిన లోహపు మడుగును చూడు. ఆ మడుగు రెండు అంచులనూ తడుపుతోందా లేదా, అదొక్కటే నీ లెక్క. రెండోది, ఎడమ చేత్తో కూడా నేర్చుకో. బాయిలర్‌లో ట్యూబుల మధ్య కుడి చెయ్యి దూరని చోట్లు బోలెడు. రెండు చేతులూ ఆడేవాడి కోసం ఫోర్‌మన్ వెతుక్కుంటూ వస్తాడు.

3. ఆర్క్ కొట్టకముందే జాయింటు సగం తేలిపోతుంది

సగం కూడా తక్కువ మాటే. ఫెయిలైన జాయింట్లను తవ్వి చూస్తే తప్పు చేతిలో ఉన్న సందర్భాలకన్నా తయారీలో ఉన్న సందర్భాలే నాకు ఎక్కువ కనిపించాయి.

ట్యూబు కొసను సరైన వాలుతో చెక్కాలి. అంచుకు రెండువైపులా, లోపలా బయటా, తుప్పు, రంగు, నూనె పోయి లోహం తెల్లగా మెరవాలి. రెండు ట్యూబుల నడుమ గ్యాప్ చుట్టూ ఒకే తీరుగా, రెండు రెండున్నర మిల్లీమీటర్లు ఉండాలి. ఒకవైపు మూడు, ఇంకోవైపు ఒకటి ఉంటే ఎంతటి మొనగాడైనా ఒకచోట కారపెడతాడు, ఇంకోచోట కరగకుండా వదిలేస్తాడు. అట్లాంటి ఫిట్టింగు ఇస్తే వెనక్కి పంపించు. ఫిట్టరు విసుక్కుంటాడు, సూపర్‌వైజరు గడియారం చూపిస్తాడు. అయినా సరే పంపించు. రేపు ఎక్స్‌రే ఫిల్ములో మచ్చ వస్తే దాని మీద రాసేది ఫిట్టరు నంబరు కాదు, నీ నంబరు.

రాడ్ల సంగతి వేరుగా చెప్పాలి. 7018 రాడ్డు పూత గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తేమే ఆర్క్‌లో విడిపోయి హైడ్రోజన్‌గా వెల్డులో చేరుతుంది. చేరినవెంటనే ఏమీ కాదు. జాయింటు చల్లబడ్డాక, ఒక్కోసారి ఒకటి రెండు రోజులు గడిచాక, పక్కనున్న లోహంలో చడీచప్పుడు లేకుండా పగులు పడుతుంది. అందుకే రాడ్లను 350 డిగ్రీల దాకా ఓవెన్‌లో గంట, రెండు గంటలు కాల్చి, వేడిగా ఉండే చిన్న డబ్బాలో పెట్టుకుని, ఒక్కొక్కటే తీసి వాడాలి. మా పావగడ ఎండలో తేమ ఎక్కడిదని అడిగాడొకడు. శక్తినగర్ కృష్ణ ఒడ్డున ఉంది, కృష్ణపట్నం థర్మల్ సముద్రం పక్కన ఉంది. వానాకాలం షట్‌డౌన్‌లో డబ్బా ప్లగ్గు పీకేసి ఫోను చార్జింగు పెట్టుకునే హెల్పర్లను నేను చూశాను. వాళ్లను తిట్టి లాభం లేదు, ఎందుకు పీకకూడదో కూర్చోబెట్టి చెప్పాలి.

ఎర్త్ క్లాంపు కూడా పని చేసే ముక్కకే, దగ్గరలోనే పట్టించు. ఎక్కడో దూరాన స్ట్రక్చరుకు తగిలిస్తే కరెంటు తనకు తోచిన దారిలో, బేరింగుల గుండా, చైన్ బ్లాకుల గుండా పోతుంది.

4. రూటే జాయింటు, పైదంతా దాని మీద కప్పు

మొదటి పాస్‌ను రూట్ అంటాం. మన ఊళ్లల్లో అందరికీ బోర్లు తెలుసు కాబట్టి ఇట్లా చెప్తాను: కేసింగ్ సరిగ్గా దిగని బోరుకు పైన ఎంత మంచి మోటారు పెట్టినా మట్టి పడి పూడిపోతుంది. రూట్ చెడిన జాయింటూ అంతే. పైన ఫిల్లింగ్, క్యాపింగ్ ఎంత అందంగా వేసినా లోపల లోటు అట్లాగే ఉంటుంది.

ట్యూబు లీకేజీ పని ఎట్లా ఉంటుందో చెప్తాను, ఏ పుస్తకంలోనూ ఈ వాసన తెలియదు. కంట్రోల్ రూములో మేకప్ నీళ్ల లెక్క పెరుగుతుంది, బాయిలర్ పక్కన నిలబడితే బుస్సుమని చప్పుడు వినబడుతుంది. యూనిట్ ఆపుతారు. చల్లబడేదాకా ఆగడానికి ఎవరికీ ఓపిక ఉండదు, గ్రిడ్డు వాళ్లు అడుగుతుంటారు. పరంజా కట్టి మనల్ని లోపలికి పంపేసరికి గోడలు ఇంకా సెగ కొడుతుంటాయి. బూడిద మోకాలి మీదికి వస్తుంది. కారిన ట్యూబు ఒక్కటే చెడి ఉండదు. ఆ సన్నని ఆవిరి పక్కనున్న ట్యూబులను కూడా కత్తితో చెక్కినట్టు పలచన చేసి ఉంటుంది. మందం కొలిచి, చెడినంతా కోసి, కొత్త ముక్క పెట్టాలి. ముక్కకు పైన ఒక జాయింటు, కింద ఒక జాయింటు.

వాటర్‌వాల్ ట్యూబు బయటి కొలత 63.5 మిల్లీమీటర్లు. పక్క ట్యూబుకూ దీనికీ మధ్య వేలు దూరేంత సందు. సూపర్‌హీటరు కాయిళ్లల్లో అయితే వెనకవైపు కంటికి అసలు కనిపించదు. అక్కడ అద్దం కట్టి వెల్డింగు చేస్తాం. చిన్న అద్దాన్ని ట్యూబు వెనక వంచి నిలబెట్టి, అందులో కనిపించే మడుగును చూస్తూ టిగ్ టార్చి నడపాలి. నీ చెయ్యి ముందుకు పోతే అద్దంలో వెనక్కి వస్తుంది. ఫిల్లర్ తీగ ఎటునుంచి దూర్చాలో బుర్రకు అందదు. మొదట్లో అందరికీ తల తిరుగుతుంది. దీనికి ఒకటే మందు, బయట చల్లని ముక్కల మీద, ఆర్క్ లేకుండా, అద్దంలో చూస్తూ ఉత్తి చెయ్యి తిప్పడం. చెయ్యి దానంతటదే పోయేదాకా తిప్పాలి. చాలాచోట్ల ట్యూబుకు ఇటొకరు, అటొకరు ఇద్దరు కూర్చుని, ఒకడు ఆపిన చోట రెండోవాడు అందుకుంటాడు. అవతలివాడు ఒడియావాడో బిహారీవాడో అయి ఉంటాడు, నీ మాట వాడికి రాదు. అయినా ఊపిరి కలిసినట్టు పని నడుస్తుంది. నా బతుకులో నేను చూసిన గొప్ప స్నేహాలు కొన్ని ఆ సందుల్లోనే పుట్టాయి.

ఒక్కోసారి ట్యూబులో నీళ్లు పూర్తిగా పోవు, బొట్లు బొట్లుగా కారుతూ రూట్‌ను నిలవనియ్యవు. అప్పుడు బ్రెడ్డు ముక్కను ఉండచేసి ట్యూబులోకి తోస్తాం. అది నీళ్లు పీల్చుకుని తడిసి జారేలోపు రూట్ అయిపోవాలి. తర్వాత నీళ్లు నింపితే బ్రెడ్డు కరిగి పోతుంది. అల్లాయ్ ట్యూబుల్లో ఆర్గాన్ నిలపడానికి నీళ్లల్లో కరిగే కాగితం వాడతాం. ఇక్కడ ఒక్కమాట గట్టిగా చెప్తున్నాను. బ్రెడ్డు దొరకలేదని గుడ్డపేలిక కుక్కొద్దు, కాటన్ వేస్టు పెట్టొద్దు. అది కరగదు. ఆ ట్యూబులో నీళ్ల దారి మూసుకుపోతే బయట మంట, లోపల చల్లబరిచేది ఏమీ లేదు. ట్యూబు ఉబ్బి పగులుతుంది. నీ జాయింటు బాగానే ఉంటుంది, నువ్వు మరిచిపోయిన పేలిక యూనిట్‌ను ఆపుతుంది.

5. ఫిల్ముకు నీ మొహం తెలియదు

జాయింటును ఎక్స్‌రే తీస్తారంటాం, నిజానికి చాలాచోట్ల వాడేది ఇరిడియం-192 నుంచి వచ్చే గామా కిరణాలు. ఫిల్ము కడిగి వెలుతురుకు పెడితే రంధ్రాలు నల్లని చుక్కలుగా, కరగని అంచు నల్లని గీతగా కనిపిస్తుంది. నీ సీనియారిటీ, నీ కులం, నీ రాష్ట్రం, ఏదీ దానికి పట్టదు. పల్లె నుంచి వచ్చిన పిల్లవాడికి ఇంతకన్నా న్యాయమైన పరీక్ష నేనెక్కడా చూడలేదు. నాకు ఈ వృత్తి మీద ఇంత ప్రేమ ఉండడానికి అదొక కారణం.

రూట్‌లో ఏదో తేడా వచ్చిందని నీ చేతికి అనిపిస్తే, పైన ఇంకో పాస్ వేసి కప్పెయ్యొద్దు. అప్పుడే గ్రైండ్ చేస్తే పది నిమిషాల పని. మొత్తం నిండాక తవ్వితే ఒక పూట. నడిచే యూనిట్‌లో తెలిస్తే, తెలిసేది నీకు కాదు, ఆ దారిన నడిచే మనిషికి. అన్ని జాయింట్లకూ ఫిల్ము తియ్యకపోవచ్చు. తియ్యరని తెలిసిన జాయింటు దగ్గరే వెల్డరు ఎట్లాంటివాడో బయటపడుతుంది.

ఫిల్ము తీసేది రాత్రిళ్లు, మనుషులు తక్కువున్నప్పుడు. తాడు కట్టి, ఎర్ర లైటు పెట్టి, బోర్డు వేలాడదీస్తే ఆ గీత దాటొద్దు, మరిచిపోయిన టిఫిను డబ్బా కోసమైనా సరే. సైటులో నేల మీద తెలియని మెరిసే లోహపు ముక్క ఏది కనిపించినా ముట్టుకోవద్దు, జేబులో వేసుకోవద్దు, దూరం జరిగి సేఫ్టీ వాళ్లను పిలువు. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారులో కోబాల్ట్-60 ఉన్న పాత పరికరాన్ని విడగొట్టినప్పుడు పలువురు రేడియేషన్ దెబ్బ తిన్నారు, ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు.

6. పీ91 దగ్గర తొందర పనికిరాదు

పాత 210 మెగావాట్ల యూనిట్లలో పని నేర్చినవాళ్లం కృష్ణపట్నం, యరమరస్ లాంటి 800 మెగావాట్ల సూపర్‌క్రిటికల్ యూనిట్లు వచ్చాక మళ్లీ బడికి పోయినట్టయింది. అక్కడ పీ91 అనే క్రోమియం స్టీలు ఎక్కువ. వెల్డింగుకు ముందు 200 డిగ్రీలకు పైగా వేడి చెయ్యాలి, మధ్యలో ఆ వేడి తగ్గకూడదు, 350 దాటకూడదు. అయిపోయాక 100 డిగ్రీల కిందికి నిదానంగా దిగనివ్వాలి, ఎందుకంటే ఆ చల్లారడంలోనే లోహం లోపలి అమరిక మారుతుంది. ఆ తర్వాతే మళ్లీ 760 డిగ్రీల దగ్గరికి ఎక్కించి గంటల తరబడి నిలపాలి. చల్లారకముందే ఎక్కించినా, ఎక్కువ ఎక్కించినా, పైకి జాయింటు నిగనిగలాడుతూనే ఉంటుంది. ఫిల్ములో కూడా తేడా కనపడదు. కొన్నేళ్లకు పగులుతుంది.

"ఇంజనీరు చూసుకుంటాడులే" అనుకోవద్దు. హీటింగు కాయిలు సరిగ్గా చుట్టారా, థర్మోకపుల్ ఊడిందా, మధ్యలో కరెంటు పోతే ఎవరికి చెప్పాలి, ఇవి నువ్వు అడిగి తెలుసుకో. డబ్ల్యూపీఎస్ కాగితంలో ఆ జాయింటుకు ఏ రాడ్డు, ఎంత కరెంటు, ఎంత వేడి అన్నీ రాసి ఉంటాయి. చదవడం రాకపోతే చదివించుకో. అడిగితే చులకన చేస్తారనే భయం మన పిల్లల్లో చాలా ఉంది. అడిగేవాణ్ణే నమ్మారు నేను చూసిన మంచి ఇంజనీర్లు.

7. పర్మిట్ చేతికి రానిదే లోపలికి అడుగు పెట్టొద్దు

దీని మీద నాకు బేరాల్లేవు.

మన దేశంలో బాయిలర్ చట్టం ఊరికే రాలేదు. 1863లో కలకత్తాలో ఒక బాయిలర్ పేలి మనుషులు చనిపోయాక, 1864లో బెంగాల్‌లో మొదటి చట్టం వచ్చింది. 1923లో దేశమంతటికీ ఒక చట్టం, 1950లో దాని కింద నిబంధనలు, 2025లో ఆ పాత చట్టం స్థానంలో కొత్తది. ఇంత జరిగినా, 2017 నవంబరు 1న ఉత్తరప్రదేశ్‌లోని ఊంచాహార్‌లో 500 మెగావాట్ల యూనిట్ దగ్గర వేడి వాయువులు, ఆవిరి ఒక్కసారిగా ఎగజిమ్మి 40 మందికి పైగా చనిపోయారు. వాళ్లల్లో ఎక్కువమంది కాంట్రాక్టు పనివాళ్లు, మనలాంటి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు.

పర్మిట్ అంటే ఒక సంతకం కాదు. ఏ వాల్వు మూశారు, దానికి తాళం వేశారా, ఏ ఫ్యాను బ్రేకరు బయటికి లాగారు, నీ పేరు లోపలికి పోయినవాళ్ల జాబితాలో ఉందా, ఇవి నీ కళ్లతో చూడు, లేదా చూసినవాణ్ణి పేరుపెట్టి అడుగు. ఆర్గాన్ గాలికన్నా బరువు. హెడరు లోపల, డ్రమ్ము లోపల, గుంతలో అడుక్కు చేరి ఊపిరికి గాలి లేకుండా చేస్తుంది. దానికి వాసన ఉండదు, దగ్గు రాదు, మనిషి కూలిపోతాడంతే. కూలినవాణ్ణి చూసి వెంటనే దిగినవాడూ కూలిపోతాడు. ఆక్సిజన్ కొలిచి, బయట ఒక మనిషి నిలబడ్డాకే దిగాలి. బాయిలర్ లోపల 24 వోల్టుల లైటే వాడు. చెమటతో తడిసిన ఒంటికి వెల్డింగు మెషీను ఖాళీ వోల్టేజీ కూడా చాలు ప్రాణం తియ్యడానికి. తడిసిన గ్లవ్‌తో రాడ్డు మార్చొద్దు.

8. కన్ను, ఊపిరి

గ్లాసు లేకుండా "ఒక్క ట్యాకే కదా" అన్నవాడికి ఆ పూట ఏమీ తెలియదు. రాత్రి నిద్రలో కళ్లల్లో ఇసుక పోసినట్టు మొదలవుతుంది. ఊళ్లల్లో పచ్చిపాలు వేస్తారు, బంగాళాదుంప చెక్కలు పెడతారు. అవేవీ వద్దు, కంటి డాక్టరు దగ్గరికి పో. పక్కవాడి ఆర్క్ కూడా కొడుతుంది కాబట్టి నువ్వు వెల్డింగు చెయ్యని వేళల్లోనూ మామూలు సేఫ్టీ అద్దాలు పెట్టుకునే ఉండు.

పొగ సంగతి ఇంకా పెద్దది. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉండే క్యాన్సర్ పరిశోధన సంస్థ వెల్డింగు పొగను మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. స్టెయిన్‌లెస్ స్టీలు, క్రోమియం ఎక్కువున్న రాడ్ల పొగ మరీ చెడ్డది. జింకు పూతను కాలిస్తే తెల్లని పొగ వస్తుంది, సాయంత్రానికి చలిజ్వరం పట్టుకుంటుంది. మన ఊళ్లల్లో గేట్లు చేసే షాపుల్లో ఇది రోజూ జరుగుతోంది, మలేరియా అనుకుని మాత్రలు మింగుతున్నారు. వెల్డింగు చేసే చోట చుట్టూ జింకును ముందే గ్రైండ్ చేసెయ్యి. బెల్లం తింటే పొగ పోతుందని సైటులో పంచుతారు. బెల్లం తిను, తప్పులేదు. కానీ ఊపిరితిత్తులను కాపాడేది ఎగ్జాస్టు ఫ్యాను, మంచి మాస్కు, పొగకు పక్కగా కూర్చోవడం. మొహం పొగలో పెట్టొద్దు. బీడీ మానెయ్యి, అది ఇది కలిస్తే నష్టం రెట్టింపు.

9. కాగితం లేని చేతికి బయట విలువ లేదు

నీ చేతిలో ఎంత పనున్నా, గేటు దగ్గర అడిగేది సర్టిఫికెట్. బాయిలర్ల డిపార్టుమెంటు పరీక్ష పెట్టి ఇచ్చే ఐబీఆర్ సర్టిఫికెట్ సంపాదించు, గడువు దాటకముందే రెన్యువల్ చేయించు. బయటి దేశపు ప్రాజెక్టుల్లో ఏఎస్‌ఎంఈ లెక్క నడుస్తుంది. ఆ పద్ధతి వెల్డింగు ఆరు నెలలు చెయ్యకపోతే ఆ అర్హత పోతుంది కాబట్టి ఏ నెలలో ఏ జాయింటు చేశావో రాసిపెట్టుకుని, ఇంజనీరు చేత సంతకం పెట్టించుకో. ఇంకా పైకి పోవాలనుకుంటే తిరుచ్చిలో బీహెచ్‌ఈఎల్ వాళ్లు 1975లో పెట్టిన వెల్డింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. వెల్డింగు మీద అక్కడ దొరికే శిక్షణ విలువైనది.

జీతం బ్యాంకులోనే వేయించుకో. పీఎఫ్ నంబరు నీది, కాంట్రాక్టరుది కాదు. కట్ చేసిన డబ్బు నిజంగా జమ అవుతోందో లేదో నెలనెలా ఫోనులో చూసుకో. నేను పనిచేసిన ఒక కాంట్రాక్టరు మా జీతాల్లో పీఎఫ్ కోసి ఖాతాలో వెయ్యకుండానే సైటు ఎత్తేశాడు. ఎవరి దగ్గరా స్లిప్పు లేదు కాబట్టి అడగడానికి మాకు నోరు లేకపోయింది. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న సంస్థే చెల్లించాలని చట్టం చెప్తుంది. కానీ అడగాలన్నా చేతిలో గేటు పాసో, హాజరు కార్డో, స్లిప్పో ఏదో ఒకటి ఉండాలి. వాటి ఫోటోలు తీసి ఇంట్లోవాళ్లకు పంపి పెట్టు.

గల్ఫుకు పోయేవాళ్లకు: పదో తరగతి పాస్ కాకపోతే నీ పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. కేంద్ర ప్రభుత్వం దగ్గర రిజిస్టరైన ఏజెంటు ద్వారానే పో. ఆ ఏజెంటు తీసుకోదగ్గది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. లక్షలు అడిగినవాడి దగ్గరనుంచి లేచి వచ్చెయ్యి. విజిట్ వీసా మీద పనికి పోవద్దు.

10. ఇల్లు

షట్‌డౌన్లు పండగలు చూసి రావు. పిల్లల పుట్టిన రోజులకు, నాగలమడక తేరుకు, చివరికి చావులకు కూడా అందకపోవచ్చు. పెళ్లికి ముందే ఈ సంగతి అమ్మాయికి విడమరిచి చెప్పు. ఓవర్‌టైము డబ్బు చేతిలో ఆడే నెలల్లో సైటు బయట బ్రాందీ షాపు పిలుస్తుంది. వణికే చెయ్యి టిగ్ రూట్ వెయ్యలేదు. ఎంత గొప్ప చేతులు అక్కడ పాడైపోయాయో తలుచుకుంటే నాకిప్పటికీ బాధే. యూనిట్ ఆగకుండా నడిచే కాలంలో పని ఉండదు, ఆ నెలలకు ముందే దాచుకో.

11. బొగ్గు పోతే?

ఈ మధ్య అందరూ అడుగుతున్నది ఇదే. తిరుమణి ప్యానెళ్లు చూసినవాడికి అనుమానం రావడం సహజమే. బొగ్గు ప్లాంట్లు ఇప్పట్లో మూతపడవు, పాతబడేకొద్దీ రిపేరు పని పెరుగుతుంది కూడా. అయినా ఒక్క బాయిలర్‌నే నమ్ముకోమని నేను చెప్పను. మన కర్ణాటకలోనే కైగా అణు కేంద్రంలో 220 మెగావాట్లవి నాలుగు నడుస్తుంటే, 700 మెగావాట్లవి ఇంకో రెండు కడుతున్నారు. అణు ప్లాంటు పైపింగులో స్టెయిన్‌లెస్ స్టీలు టిగ్ వెల్డరుకు ఉన్న గౌరవం వేరు. జలవిద్యుత్తులో పెన్‌స్టాక్ పైపులున్నాయి, రిఫైనరీలున్నాయి, మందుల ఫ్యాక్టరీలున్నాయి. 6జీలో రూట్ శుభ్రంగా వేసేవాడికి వీటన్నిటిలోనూ చోటుంది.

నా దగ్గర పాత మెషీను ఒకటి, తుక్కు కొట్టులో కొన్న పైపు ముక్కలు ఉన్నాయి. ఆదివారాలు కొందరు పిల్లలు వస్తున్నారు. రావాలనుకున్నవాళ్లు రండి, ఫీజేమీ లేదు. మొదటి నెల గ్రైండింగు, ఫిట్టింగే చేయిస్తాను, ఆర్క్ కొట్టనివ్వను. పొడుగు చేతుల కాటన్ చొక్కా, తోలు బూట్లు వేసుకుని రావాలి. పాలిస్టరు బట్టలతో వస్తే మాత్రం మార్చుకుని రమ్మని పంపించేస్తాను, నిప్పురవ్వ పడితే అది కరిగి చర్మానికి అతుక్కుంటుంది.